పాఠం గడగడా చదివేస్తారు.. దేని గురించి అంటే మాత్రం సైలెంట్! పిల్లలకు ‘ముఖ్య భావం’ పట్టుకోవడం నేర్పేదెలా?

మీ పిల్లాడు తెలుగు వాచకం తీసి ఓ పేజీ గడగడా చదివేశాడు. ఎక్కడా తడబడలేదు. ఒత్తులు, దీర్ఘాలు అన్నీ కరెక్ట్. ఇంట్లో అందరూ మురిసిపోయారు. ఇప్పుడు ఒకే ఒక్క ప్రశ్న వేసి చూడండి. ‘ఇంతకీ ఈ పేజీలో ఏం చెప్పారు నాన్నా?’ చాలా ఇళ్లలో సీన్ ఇక్కడే మారిపోతుంది. పిల్లాడు మళ్లీ పుస్తకంలోకి తొంగిచూస్తాడు. మొదటి లైన్ చదివి వినిపిస్తాడు. లేదంటే పేరా మొత్తం మళ్లీ అప్పజెప్పేస్తాడు.

మా ఇంట్లోనూ ఇదే జరిగింది. మా అక్క కొడుకు మూడో తరగతి. చీమల మీద ఉన్న ఓ పేరా తప్పు లేకుండా చదివాడు. అమ్మమ్మ దిష్టి కూడా తీసేసింది. ‘దేని గురించి రా?’ అంటే ‘చీమలు’ అన్నాడు. ‘చీమల గురించి ఏం చెప్పారు?’ అంటే ‘అన్నీ చెప్పారు పిన్నీ’ అన్నాడు. అవన్నీ కలిపి ఏం చెప్పారంటే మాత్రం నోట మాట లేదు.

వాడికి తెలివి లేక కాదు. అక్షరాలు కూడబలుక్కుని చదవడం ఒక పని. చదివినదాంట్లోంచి అసలు సంగతి పట్టుకోవడం ఇంకో పని. మొదటిది మనం నేర్పిస్తాం. రెండోది దానంతట అదే వచ్చేస్తుందని అనుకుంటాం. అక్కడే తేడా కొడుతోంది. మరి దీన్ని నేర్పించేదెలా? ఇంట్లో ఏం చేయొచ్చు? క్లాసులో ఏం చేయొచ్చు? వివరంగా చూద్దాం..

ముఖ్య భావం అంటే అసలేంటి?

ముందుగా ఈ చిన్న పేరా చదవండి.

‘తాటాకులతో పల్లెల్లో ఇళ్లకు కప్పు వేస్తారు. ఆ ఆకులతోనే విసనకర్రలు, బుట్టలు అల్లుతారు. ఎండాకాలం వచ్చిందంటే ముంజెలు తింటాం. పండిన కాయల టెంకలను మట్టిలో పాతితే కొన్ని నెలలకు తేగలు వస్తాయి. ముదిరిన చెట్టు మొద్దును ఇంటికి దూలాలుగా వాడతారు.’

ఇందులో మూడు విషయాలను విడదీసి చూడాలి.

మొదటిది అంశం. అంటే దేని గురించి? తాటిచెట్టు గురించి. ఇది ఒకటి రెండు మాటల్లో అయిపోతుంది.

రెండోది వివరాలు. కప్పు, విసనకర్రలు, ముంజెలు, తేగలు, దూలాలు.. ఇవన్నీ వివరాలే.

మూడోది ముఖ్య భావం. ఆ అంశం గురించి వివరాలన్నీ కలిపి ఏం చెబుతున్నాయి? ‘తాటిచెట్టు ఆకు నుంచి మొద్దు దాకా మనకు ఉపయోగపడుతుంది.’ ఇదీ ముఖ్య భావం. గమనించారా? ఈ వాక్యం పేరాలో ఎక్కడా లేదు. చదివినవాళ్లే దాన్ని తయారు చేసుకోవాలి. పిల్లలకు కష్టమయ్యేది సరిగ్గా ఇక్కడే.

ఇంకో చిక్కు కూడా ఉంది. మనకు కథ అనగానే ‘నీతి ఏంటి?’ అని అడగడం అలవాటు. నీతి వేరు, ముఖ్య భావం వేరు. కుందేలు-తాబేలు కథే తీసుకోండి. ‘వేగంగా పరిగెత్తగలిగే కుందేలు దారిలో నిద్రపోయి, ఆగకుండా నడిచిన తాబేలు చేతిలో ఓడిపోయింది’.. ఇది కథలోని ముఖ్య భావం. ‘నిర్లక్ష్యం పనికిరాదు’ అన్నది మనం దాన్నుంచి నేర్చుకునే నీతి. పిల్లలు మొదటిది చెప్పకుండానే రెండోది అప్పజెప్పేస్తుంటారు. ఎందుకంటే నీతులు వాళ్లకు ముందే తెలుసు. కథ చదవకపోయినా చెప్పేయగలరు.

మార్కులు వస్తున్నాయిగా.. ఇంకేం ప్రాబ్లమ్?

చాలామంది పేరెంట్స్‌కు వచ్చే డౌటే ఇది. మా వాడికి తెలుగులో మంచి మార్కులే వస్తున్నాయి కదా అంటారు. అయితే ఈ కింది వాక్యం చదివి ప్రశ్నలకు జవాబులు చెప్పండి.

‘నిన్న సాయంత్రం గొబిలి చెటకంలో మూడు పిరణాలను లటించింది.’

ప్రశ్న: గొబిలి ఎన్ని పిరణాలను లటించింది? జవాబు: మూడు. ప్రశ్న: ఎక్కడ లటించింది? జవాబు: చెటకంలో. ప్రశ్న: ఎప్పుడు? జవాబు: నిన్న సాయంత్రం.

మీకు మూడుకు మూడు మార్కులు! కానీ గొబిలి అంటే ఏంటో మీకు తెలీదు. నాకూ తెలీదు. అవి ఇప్పుడే అల్లిన ఉత్తుత్తి మాటలు. అయినా జవాబులు వచ్చేశాయి. ఎందుకంటే ప్రశ్నలో ఉన్న మాటను పేరాలో వెతికి, పక్కనున్న మాటను ఎత్తి రాస్తే చాలు.

మన పిల్లల్లో చాలామంది చేస్తున్నది ఇదే. ‘ఎవరు, ఎక్కడ, ఎన్ని’ అనే ప్రశ్నలకు అర్థం కాకపోయినా మార్కులు పడతాయి. అదే ‘ఈ పేరాకు ఓ పేరు పెట్టు’, ‘రచయిత ఏం చెప్పాలనుకున్నాడు?’ అంటే మాత్రం బండి ఆగిపోతుంది. చిన్న క్లాసుల్లో ఈ లోటు బయటపడదు. ఆరు, ఏడు తరగతులకొచ్చేసరికి సైన్స్, సోషల్ పాఠాలు పెద్దవవుతాయి. ఏది ముఖ్యమో తెలియని పిల్లలు అన్నీ బట్టీ పట్టడం మొదలుపెడతారు. అంత గుర్తుపెట్టుకోలేక ‘నాకు సోషల్ రాదు’ అని డిసైడైపోతారు. నిజానికి అక్కడ రానిది సోషల్ కాదు.. చదివి సారం తీయడం.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

ఈ సమస్య మన ఒక్క ఇంటిది కాదు. పదేళ్లు వచ్చేసరికి ఓ చిన్న పాఠాన్ని చదివి అర్థం చేసుకోలేని పరిస్థితికి ప్రపంచ బ్యాంకు 2019లో ‘లెర్నింగ్ పావర్టీ’ అని పేరు పెట్టింది. అంటే చదువులో పేదరికం అన్నమాట.

మన దేశంలో ప్రథమ్ సంస్థ 2005 నుంచి ‘అసర్’ పేరుతో గ్రామీణ ప్రాంతాల్లో ఇంటింటి సర్వేలు చేస్తోంది. ప్రభుత్వ స్కూళ్లలో ఐదో తరగతి చదువుతున్నవాళ్లలో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2022లో 38.5 శాతం. 2024 నాటికి అది 44.8 శాతానికి పెరిగింది. మెరుగైన మాట నిజమే. అయినా ఇప్పటికీ సగం కంటే తక్కువే. పైగా ఆ పరీక్షలో ప్రధానంగా చూసేది గట్టిగా చదవగలరా లేదా అన్నదే. చదివినదాంట్లో సారం పట్టుకోగలరా అన్నది దాని తర్వాతి మెట్టు.

కేంద్రం 2021 జులై 5న మొదలుపెట్టిన ‘నిపుణ్ భారత్’ మిషన్ పూర్తి పేరులోనే ‘అర్థం చేసుకుంటూ చదవడం’ అన్న మాట ఉంది. మూడో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలందరికీ ఇది రావాలన్నదే టార్గెట్. గడువు 2026-27. తెలంగాణలో 2022లో మొదలైన ‘తొలిమెట్టు’ కూడా ఇదే దారిలో వచ్చిన కార్యక్రమం. స్కీములు సరే.. రోజూ సాయంత్రం పిల్లాడి పక్కన కూర్చునేవాళ్లు ఏం చేయాలి? అసలు పని ఇక్కడే మొదలవుతుంది.

స్టెప్ 1: పుస్తకం పక్కన పెట్టి.. బుట్టతో మొదలుపెట్టండి

వంకాయ, బెండకాయ, దొండకాయ, సొరకాయ.. ఇవన్నీ కలిపి ఏమంటారు? కూరగాయలు. ఐదేళ్ల పిల్లలు కూడా టక్కున చెప్పేస్తారు. ముఖ్య భావానికి పునాది ఇదే. చాలా విషయాలను ఒకే బుట్టలో వేసి, ఆ బుట్టకు పేరు పెట్టడం.

తర్వాత మాటల నుంచి వాక్యాలకు రండి. ‘అమ్మ ముగ్గు వేసింది. నాన్న మామిడాకులు కట్టాడు. నానమ్మ బూరెలు చేసింది. మేం కొత్త బట్టలు వేసుకున్నాం.’ ఏం జరుగుతోంది ఇంట్లో? ‘పండగ!’ అంటారు. పండగ అన్న మాట మీరు చెప్పలేదు. వాళ్లే పట్టుకున్నారు. ‘నువ్వు చేసినదాన్నే ముఖ్య భావం పట్టుకోవడం అంటారు’ అని అక్కడే చెప్పేయండి. భయం సగం పోతుంది.

స్టెప్ 2: రెండే రెండు ప్రశ్నలు

పేరా చదివాక ఎప్పుడూ ఇవే అడగండి. ఒకటి: ఇది దేని గురించి? రెండు: దాని గురించి ఏం చెబుతోంది? రెండు జవాబులనూ కలిపితే ఒక పూర్తి వాక్యం రావాలి. ‘చీమలు’ అంటే సగం జవాబే. ‘చీమలు పనులు పంచుకుని కలిసి బతుకుతాయి’ అంటే పూర్తి జవాబు. ఒక్క మాటతో సరిపెడితే ‘సరే, చీమలు ఏం చేస్తాయంటున్నారు?’ అని ఇంకాస్త లాగండి. తిట్టొద్దు, మీరే చెప్పేయొద్దు.

స్టెప్ 3: పందిరి టెస్ట్

పిల్లాడు ఓ జవాబు చెప్పాడు. కరెక్టో కాదో వాడే ఎలా చెక్ చేసుకోవాలి? ముఖ్య భావం పందిరి లాంటిది. వివరాలు దాన్ని మోసే గుంజలు. పేరాలోని ఒక్కో వాక్యం దగ్గర ఆగి ‘నువ్వు ఈ పందిరికి గుంజవేనా?’ అని అడగాలి.

తాటిచెట్టు పేరాకు పిల్లాడు ‘తాటిచెట్టు మనకు తిండి ఇస్తుంది’ అన్నాడనుకోండి. ముంజెలు గుంజే. తేగలు గుంజే. మరి ఇంటి కప్పు? విసనకర్ర? దూలం? ఇవి తిండి పందిరిని మోయట్లేదు. అంటే పందిరి చిన్నదైపోయింది. కొంచెం పెద్దది వేయాలి. ‘చెట్లు మనకు ఎంతో మేలు చేస్తాయి’ అన్నాడనుకోండి. గుంజలన్నీ సరిపోయినట్టే ఉంటాయి. కానీ పేరాలో వేప, చింత ఎక్కడున్నాయి? ఒక్క తాటిచెట్టే కదా. అంటే పందిరి మరీ పెద్దదైపోయింది. ఇలా రెండు మూడు సార్లు సరిచేసుకుంటే సైజు కుదురుతుంది.

స్టెప్ 4: తీసేసి చూడండి

పేరాలోని ఒక్కో వాక్యం మీద వేలు పెట్టి మూసేయండి. ‘ఇది లేకపోయినా అసలు సంగతి తెలుస్తుందా?’ అని అడగండి. తెలిస్తే అది వివరం. అది తీసేస్తే మిగతావన్నీ విడివిడిగా వేలాడుతుంటే, అదే ముఖ్య వాక్యం అయ్యే ఛాన్స్ ఎక్కువ. పాఠంలో ముఖ్య వాక్యం మొదట్లో ఉండొచ్చు, మధ్యలో ఉండొచ్చు, చివర్లో ఉండొచ్చు. తాటిచెట్టు పేరాలా అసలు లేకపోనూ వచ్చు. అందుకే ‘మొదటి లైనే ఆన్సర్’ అనే షార్ట్‌కట్ నేర్పకండి.

ఇవి కొత్తగా పుట్టిన చిట్కాలేం కాదు. యాన్ బ్రౌన్, జీన్ డే అనే పరిశోధకులు 1983లోనే సారాంశం రాయడానికి కొన్ని నియమాలు చెప్పారు. ముఖ్యం కానిది తీసెయ్, రెండోసారి వచ్చింది తీసెయ్, చిన్న చిన్న విషయాలను కలిపి ఒకే పేరుతో పిలువు, ముఖ్య వాక్యం ఉంటే ఎంచుకో, లేకపోతే నువ్వే తయారుచెయ్. వీటిలో కష్టమైనది ఆఖరిదే. అందుకే దాన్ని చివర్లో, ఓపిగ్గా నేర్పాలి.

పిల్లలు ఎక్కడ తప్పటడుగు వేస్తారు?

తప్పు జవాబు వచ్చిందంటే విసుక్కోవాల్సిన పని లేదు. ఆ తప్పు ఏ రకమో చూస్తే, ఏం నేర్పాలో తెలిసిపోతుంది. తాటిచెట్టు పేరానే మళ్లీ తీసుకుందాం.

- ‘తాటాకులతో కప్పు వేస్తారు’ అన్నారంటే.. మొదటి లైన్ ఎత్తి చెప్పేశారు. పందిరి టెస్ట్ చేయించండి.

- ‘ముంజెలు తింటాం’ అన్నారంటే.. తమకు నచ్చిన వివరాన్ని పట్టుకున్నారు. పిల్లలు ఎక్కువగా చేసే తప్పు ఇదే. ‘నీకు నచ్చింది ముంజెలు. రాసినవాళ్లకు ముఖ్యమైంది ఏంటి?’ అని అడగండి.

- ‘తాటిచెట్టు’ అని ఆపేశారంటే.. అంశం దగ్గరే ఆగిపోయారు. రెండో ప్రశ్న వేయండి.

- ‘చెట్లు నరకకూడదు’ అన్నారంటే.. పేరాలో లేని నీతి చెప్పేశారు. ‘అది ఇందులో ఎక్కడుందో చూపించు’ అనండి.

- ‘మా తాతగారి ఊళ్లో తాటిచెట్లు ఉన్నాయి’ అన్నారంటే.. సొంత జ్ఞాపకంలోకి వెళ్లిపోయారు. అది మంచిదే. కాసేపు విని, మళ్లీ పేరాలోకి తీసుకురండి.

క్లాసులో 40 మంది ఉంటే ఎలా?

ఇంట్లో ఒక్కరు. బడిలో అలా కాదు. చాలా ప్రైమరీ స్కూళ్లలో ఒకే టీచర్ రెండు మూడు తరగతులు చూసుకోవాలి. అక్కడ పనికొచ్చే పద్ధతి ఒకటుంది. అన్నేమరీ పాలిన్‌క్సార్, యాన్ బ్రౌన్ 1984లో దీన్ని ప్రచురించారు. నలుగురు పిల్లలు ఒక జట్టు. ఒకరు పేరా సారం చెప్పాలి. ఇంకొకరు ప్రశ్న అడగాలి. మూడోవాళ్లు అర్థం కాని మాట గురించి తేల్చాలి. నాలుగోవాళ్లు తర్వాత ఏం రాబోతోందో ఊహించాలి. పేరా మారగానే పనులూ మారతాయి. మొదట్లో టీచర్ చేసి చూపించాలి. మెల్లగా పక్కకు తప్పుకోవాలి.

ఆ ‘చేసి చూపించడం’ అన్నదే కీలకం. చాలాసార్లు టీచర్ నేరుగా ఆన్సర్ బోర్డు మీద రాసేస్తారు. ఆ ఆన్సర్ దగ్గరికి ఎలా వచ్చారో పిల్లలకు కనిపించదు. అలా కాకుండా, టీచర్ తన ఆలోచనను పైకి చెప్పాలి. ‘ముందు తిండి గురించేమో అనుకున్నాను. కానీ దూలాలు అన్నారు కదా, అది తిండి కాదే.. అయితే నా మాట మార్చుకోవాలి’ అని పిల్లల ముందే తప్పు చేసి, పిల్లల ముందే దిద్దుకోవాలి. పెద్దవాళ్లూ ఒక్కసారికే పట్టుకోలేరని తెలిస్తే పిల్లలు ధైర్యంగా ట్రై చేస్తారు.

ట్రిక్కులొక్కటే చాలవు

ఇక్కడో ముఖ్యమైన విషయం ఉంది. ఈ స్టెప్పులన్నీ వచ్చినా కొన్ని పేరాలు పిల్లలకు కొరుకుడుపడవు. కారణం.. ఆ విషయం గురించి వాళ్లకు ఏమీ తెలియకపోవడం. 1988లో అమెరికాలో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ అనే పరిశోధకులు ఓ ప్రయోగం చేశారు. పిల్లలకు బేస్‌బాల్ ఆట గురించిన కథనం ఇచ్చారు. చదవడంలో వెనకబడినా బేస్‌బాల్ బాగా తెలిసిన పిల్లలు.. చదవడంలో ముందున్నా ఆట తెలియని పిల్లల కంటే బాగా గుర్తుపెట్టుకుని, సారం చెప్పగలిగారు.

మన దగ్గర బేస్‌బాల్ ప్లేసులో క్రికెట్ పెట్టుకోండి. పవర్ ప్లే అంటే తెలియనివాళ్లకు మ్యాచ్ రిపోర్ట్ చదివితే తల తిరుగుతుంది. చదువులో వెనక బెంచీ కుర్రాడు మాత్రం ‘చివరి ఓవర్లలో బౌలింగ్ తేలిపోవడం వల్లే ఓడిపోయాం’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. అందుకే పిల్లలతో రకరకాల విషయాలు మాట్లాడటం, ఊళ్లు చూపించడం, కథలు చెప్పడం కూడా చదువులో భాగమే. పాఠం మొదలుపెట్టే ముందు కొత్త మాటలకు అర్థం చెప్పడం, రెండు నిమిషాలు ఆ విషయం ముచ్చటించడం.. ఇవి చిన్నవే కానీ చాలా పనిచేస్తాయి.

అలాగే అక్షరాలు, గుణింతాలు, ఒత్తుల దగ్గరే ఇంకా కష్టపడుతున్న పిల్లలకు పుస్తకం ఇచ్చి ‘ముఖ్య భావం చెప్పు’ అనడం న్యాయం కాదు. వాళ్ల శక్తంతా అక్షరాలు కలపడానికే సరిపోతుంది. వాళ్లకు చదవడం విడిగా నేర్పుతూనే, ముఖ్య భావం మాత్రం నోటితో చెప్పిన కథల మీద ప్రాక్టీస్ చేయించాలి. ఎంత చేసినా అక్షరాల దగ్గరే ఆగిపోతుంటే టీచర్‌తో మాట్లాడి, అవసరమైతే నిపుణులకు చూపించాలి. బద్ధకం అని ముద్ర వేయొద్దు.

ఇంగ్లిష్ మీడియం పిల్లల సంగతేంటి?

పాఠం ఇంగ్లిష్‌లో ఉన్నా ముఖ్య భావం ముందు తెలుగులో చెప్పనివ్వండి. ఇంగ్లిష్ వాక్యం కుదరక నోరు మూసుకున్న పిల్లాడికి అర్థం కాలేదో, చెప్పడం రాలేదో మనకు తెలియదు. తెలుగులో చెప్పిస్తే ఆ గుట్టు తేలిపోతుంది. తెలుగులో బాగా చెప్పాడంటే సారం పట్టుకున్నట్టే. ఇక కావాల్సింది ఇంగ్లిష్ మాటలే. తెలుగులోనూ చెప్పలేకపోతే, మళ్లీ పేరా దగ్గరికే వెళ్లాలి. ఇంట్లో హిందీ, ఉర్దూ, గోండి, లంబాడీ మాట్లాడే పిల్లలైనా అంతే. ఆలోచన ఏ భాషలో వస్తే ఆ భాషలో మొదలుపెట్టనివ్వండి.

ఏ వయసుకు ఏది?

ఒకటి, రెండు తరగతులు: పుస్తకం అక్కర్లేదు. బొమ్మ చూపించి ‘ఇక్కడ ఏం జరుగుతోంది?’ అనండి. కథ చెప్పి ఒక్క మాటలో చెప్పమనండి.

మూడు నుంచి ఐదు తరగతులు: నాలుగైదు వాక్యాల పేరా. రెండు ప్రశ్నలు, పందిరి టెస్ట్. పేరాకు పేరు పెట్టే ఆట.

ఆరు నుంచి పైకి: పాఠంలో ప్రతి పేరా పక్కన పెన్సిల్‌తో ఒక్క లైన్ రాయించండి. చివర్లో ఆ లైన్లన్నీ కలిపి చదివితే అదే పాఠం సారం. పరీక్ష ముందు రోజు గైడ్ కంటే ఇదే ఎక్కువ ఆదుకుంటుంది.

రోజూ పది నిమిషాలు చాలు. కొత్త పుస్తకాలూ అక్కర్లేదు. రేషన్ షాపు నోటీసు, పేపర్‌లో చిన్న వార్త, బస్టాండ్‌లో బోర్డు.. ఏదైనా పాఠమే. మేం న్యూస్ డెస్క్‌లో రోజంతా చేసే పని కూడా ఇదే. పెద్ద వార్త చదవాలి, ఒక్క హెడ్డింగ్‌లో అసలు సంగతి చెప్పాలి. హెడ్డింగ్ ఒకటి, లోపల వార్త ఇంకోటి ఉంటే మీరు ఎంత తిట్టుకుంటారో మాకు తెలుసు. మీ పిల్లాడితో ఈ ఆట ఆడండి. హెడ్డింగ్ చేత్తో మూసేసి, వార్త చదివి, హెడ్డింగ్ పెట్టమనండి. తర్వాత చెయ్యి తీసి పోల్చి చూడండి. ఒక్కోసారి వాళ్లదే బాగుంటుంది.

ఇదంతా మార్కుల కోసమే అనుకుంటే పొరపాటే. రేపు ఫోన్‌లో ఓ పొడుగాటి ఫార్వర్డ్ మెసేజ్ వస్తుంది. బ్యాంకు పేరుతో లెటర్ వస్తుంది. లోన్ కాగితం మీద సంతకం పెట్టమంటారు. అన్ని లైన్ల మధ్య అసలు ఏం చెబుతున్నారు, ఏం అడుగుతున్నారు అన్నది పట్టుకోగలిగినవాళ్లే మోసపోకుండా ఉంటారు.

అన్నట్టు.. మా అక్క కొడుకు సంగతి చెప్పలేదు కదూ. ఓ పది రోజులు ఈ ఆట ఆడాం. మొన్న అమ్మమ్మ ఫోన్‌లో అరగంట మాట్లాడి పెట్టేసింది. వీడు పక్కనే కూర్చుని అంతా విని, ‘పిన్నీ, మొత్తానికి అమ్మమ్మ చెప్పింది ఏంటంటే.. పెళ్లికి రాను, కానీ మళ్లీ పిలిస్తే వస్తాను’ అన్నాడు. పందిరి టెస్ట్ చేశాం. ఒక్క గుంజ కూడా తప్పలేదు.